వారానికి ఒక్కరోజే: మెథోట్రెక్సేట్ మాత్ర నడిచొచ్చిన దారి

రుమటాయిడ్ కీళ్లవాతం అని తేలిన మనిషికి డాక్టరు రాసిచ్చే చీటీలో తరచు రెండు చిన్న మాత్రలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ ఆమ్లం. ఒంట్లో ఫోలిక్ ఆమ్లం చేసే పనికి అడ్డం పడేదే మొదటి మందు. రెండోది సాక్షాత్తూ ఆ ఫోలిక్ ఆమ్లమే. బద్ధశత్రువుల్లాంటి ఈ రెండూ ఒకే చీటీకి ఎక్కడమే వింతగా ఉంటుంది. అంతకన్నా పెద్ద విశేషం మరొకటి ఉంది. ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాలలోంచి, కొద్ది ఏళ్ల తేడాతో బయటికి వచ్చాయి. అక్కడి పరిశోధనను నడిపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు చెప్పే జాగ్రత్తల జాబితా చాలా పొడుగు. వారానికి ఒక్కసారి మించకూడదు. మద్యం జోలికి పోకూడదు. ఫలానా యాంటీబయాటిక్ కలవకూడదు. నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని మింగకూడదు. గర్భం రాకూడదు. రక్తపరీక్షలు మానకూడదు. ఇన్ని ‘కూడదు’లు ఒక్కసారిగా వింటే ఎవరికైనా విసుగు పుడుతుంది. కానీ వీటిలో ఏ ఒక్కటీ గాలిలోంచి పుట్టలేదు. దాదాపు ప్రతి నియమం వెనకా ఒక ఊరు, ఒక సంవత్సరం ఉన్నాయి. కొన్నిటి వెనక మరణాలు ఉన్నాయి.

కథ బొంబాయి బట్టల మిల్లుల దగ్గర మొదలవుతుంది. 1928లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు అక్కడికి వచ్చారు. మిల్లు పనివాళ్ల కుటుంబాల్లో గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత వచ్చి ప్రాణాల మీదికి తెస్తుండేది. ఇనుము తక్కువైతే ఎర్ర రక్తకణాలు చిన్నబోతాయి. ఈ ఆడవాళ్ల రక్తంలో మాత్రం అవి మామూలుకన్నా పెద్దవిగా ఉన్నాయి. లోపం ఇనుముది కాదు, తిండిలోని మరేదో పదార్థానిది అని విల్స్ పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో రొట్టెకు రాసుకు తినే మార్మైట్ అనే ఈస్టు సారం ఇస్తే వాళ్లకు మళ్లీ రక్తం పట్టింది. 1931లో ఆమె ఆ సంగతి ప్రకటించారు. ఈస్టులో ఆ గుణం దేనిదో తెలియక చాలాకాలం దాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1941లో టెక్సాస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరలోంచి కొద్దిపాటి పదార్థాన్ని రాబట్టి, దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఇవాళ ఆశా కార్యకర్త గర్భిణుల చేతిలో పెట్టే ఐరన్-ఫోలిక్ మాత్రకూ, బడిపిల్లల చేత వారానికోసారి మింగించే నీలి మాత్రకూ పుట్టుక ఆ మిల్లు పేటల్లోనే ఉంది.

సుబ్బారావుకు ఈ పదార్థంతో ఉన్న లెక్క వేరు. ఆయన 1895 జనవరి 12న పుట్టారు. ఇద్దరు సోదరులు కొద్ది కాలం తేడాతో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలు ఆగక, నాలుక పుండై, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోయే రోగం అది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీ పిలుపు అందుకుని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదికి వెళ్లారాయన. అది శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కంటగింపైంది. చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలు శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ గుట్టు విప్పారు. ఏటీపీని వేరుచేసిన తొలివారిలో ఒకరయ్యారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే లేబొరేటరీస్‌కు మారారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని తేల్చి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. టన్నుల కొద్దీ ఆకునో, కాలేయాన్నో వడగట్టే బాధ తప్పింది. టామ్ స్పీస్ అనే అమెరికన్ వైద్యుడు ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక మానింది, రక్తం పట్టింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు సుబ్బారావు ప్రయోగశాలలోనే మందు తయారైంది. కాకపోతే వాళ్లకు అందాల్సిన కాలం ఎప్పుడో దాటిపోయింది.

ఇక్కడి నుంచి కథ అడ్డం తిరుగుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవారు. రక్త క్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇస్తే, జబ్బు తగ్గడం మాట అటుంచి ఇంకా వేగం పుంజుకున్నట్టు ఆయనకు కనిపించింది. పోషకం అందితే క్యాన్సరు కణం బలుస్తోంది. మరి ఆ పోషకాన్ని అందకుండా చేస్తే? సల్ఫా మందులు సూక్ష్మజీవులను ఇలాగే మోసం చేస్తాయని 1940లోనే డొనాల్డ్ వుడ్స్ చూపించి ఉన్నారు. సూక్ష్మజీవికి కావలసిన పదార్థాన్ని పోలిన నకిలీ పదార్థం దాని లోపలికి చేరి పని చెడగొడుతుంది. లెడర్లే రసాయన శాస్త్రవేత్తలు ఫోలిక్ ఆమ్లం నిర్మాణంలో చిన్న మార్పు చేసి అచ్చం అలాంటి నకిలీనే తయారు చేశారు. తాళంలో దూరుతుంది కానీ తిరగదు. పైగా అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. దాని పేరు అమైనోప్టెరిన్.

1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది నిలిచిన గుణం కాదు, కొన్ని నెలలదే. కానీ అంతకుముందు ఆ జబ్బుకు ఆ మాత్రం గుణం ఇచ్చిన మందు లేదు. ఆ పత్రంలోనే మందు చేసే హాని కూడా నమోదైంది. పిల్లల నోటి నిండా పుండ్లు లేచాయి. ఈ గుర్తును పాఠకులు మనసులో పెట్టుకోవాలి. ఇవాళ మెథోట్రెక్సేట్ ఎక్కువైందని ఒళ్లు చెప్పే తొలి మాటల్లో నోటిపూత ఒకటి.

ఆ పత్రం రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. అది అచ్చయిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో ఆయన నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన స్వదేశం వదిలి పాతికేళ్లు దాటింది. తిరిగి రానేలేదు.

అమైనోప్టెరిన్ మొండి మందు. ఒకరికి సరిపోయిన మోతాదు మరొకరికి విషమయ్యేది. దానికి మరో చిన్న మార్పు చేసి లెడర్లే వాళ్లు 1949లో ప్రకటించినదే అమెథోప్టెరిన్. తర్వాత దానికి మెథోట్రెక్సేట్ అనే పేరు స్థిరపడింది. 1950లు గడిచేసరికి అన్నను తప్పించి తమ్ముడు ఆ స్థానంలో కూచున్నాడు. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందుతో కోరియోకార్సినోమా అనే క్యాన్సరును పూర్తిగా నయం చేశామని ప్రకటించారు. ఆ జబ్బు మాయలో, అంటే ప్లాసెంటాలో పుడుతుంది. గడ్డలు మాయమైనా రక్తంలో హార్మోను గుర్తు పూర్తిగా పోయేదాకా లీ చికిత్స ఆపలేదు. అలా మొండికేసినందుకు ఆయన ఉద్యోగం పోయింది. ఆ మొండితనమే సరైన వైద్యమని తర్వాత లోకం ఒప్పుకుంది.

క్యాన్సరు మందు కీళ్లవాతానికి ఎలా వచ్చింది? దానికి 1951కి వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్‌లో రిచర్డ్ గబ్నర్ బృందం కొద్దిమంది కీళ్లవాతం రోగులకు అమైనోప్టెరిన్ ఇచ్చింది. వాపులు తగ్గాయి. వాళ్లలో సోరియాసిస్ కూడా ఉన్న మనిషికి చర్మం మీది పొలుసులు రాలిపోయాయి. అది గొప్ప కబురే అయినా రోజు బాగాలేదు. అంతకు మూడేళ్ల ముందే మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ ఇచ్చి, మంచం దిగలేని కీళ్లవాతం రోగులను నడిపించారు. 1950లో దానికి నోబెల్ కూడా వచ్చింది. అంతటి వెలుగు పక్కన, క్యాన్సరు పిల్లలకిచ్చే విషాన్ని కీళ్ల నొప్పికి వాడదామనే మాట ఎవరి చెవికెక్కుతుంది? కార్టిజోన్ జాతి స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్ల చేస్తాయనీ, చక్కెర పెంచుతాయనీ, ఒక్కసారిగా మానితే కుప్పకూలుస్తాయనీ తెలిసొచ్చేదాకా మెథోట్రెక్సేట్ మూలనే ఉండిపోయింది.

చర్మవైద్యులు మాత్రం దాన్ని వదలలేదు. 1958లో ఎడ్మండ్సన్, గై అనే ఇద్దరు సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వాడిన అనుభవం రాశారు. ఆ రోజుల్లో చాలామంది దాన్ని రోజూ కొద్దికొద్దిగా ఇచ్చేవారు. ఈ సంగతి నేటి పాఠకుడిని కాస్త ఉలికిపాటుకు గురిచేస్తుంది. ఇప్పుడు ప్రాణాంతకమైన పొరపాటుగా లెక్కించే ‘రోజూ వాడకం’ ఒకప్పుడు సాక్షాత్తూ వైద్యులు రాసిచ్చిన పద్ధతే. మోతాదు చిన్నదైనా రోజూ పడుతుంటే కణాలకు తేరుకునే వ్యవధి ఉండదు. కాలేయాల్లో మచ్చలు పడడం మొదలైంది. 1971లో వైన్‌స్టీన్, ఫ్రాస్ట్ అనే వైద్యులు వేరే పద్ధతి చెప్పారు. సోరియాసిస్ చర్మకణం ఎంత వేగంగా విభజన చెందుతుందో లెక్కగట్టి, 12 గంటలకొకటి చొప్పున మూడు మోతాదులు వేసి, మిగిలిన వారమంతా ఒంటికి విరామం ఇవ్వాలన్నారు. రోజూ వాడినవాళ్ల కాలేయాలనూ వారానికోసారి వాడినవాళ్ల కాలేయాలనూ పోల్చిన పరిశోధనలూ విరామం వైపే మొగ్గాయి. క్రమంగా మూడు మోతాదులు కలిసి ఒకే రోజు వేసుకునే ఒక్క మోతాదైంది. ‘వారానికి ఒక్కరోజు’ అనే ఆనవాయితీ అలా స్థిరపడింది.

కీళ్లవాతం దాకా అది రావడానికి ఒక మొండి ప్రాక్టీషనరు కావలసి వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో రాబర్ట్ హాఫ్‌మైస్టర్ అనే రుమటాలజిస్టు తన రోగులకు వారానికోసారి మెథోట్రెక్సేట్ ఇచ్చి 1972లో ఫలితాలు చెప్పారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1983లో మళ్లీ రాశారు. అప్పటికి కాలం మారింది. 1985లో బోస్టన్‌లో మైకేల్ వైన్‌బ్లాట్ బృందం, మరికొన్ని బృందాలు నిజం మాత్రనూ ఉత్తుత్తి మాత్రనూ పోల్చే పరీక్షల్లో దాని బలం రుజువు చేశాయి. 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కీళ్లవాతానికి అనుమతి ఇచ్చింది. గబ్నర్ చెప్పిన నాటి నుంచి ఆ అనుమతికి 37 ఏళ్లు పట్టింది. ఇవాళ ఆ జబ్బుకు ప్రపంచమంతా మొదట రాసే మందు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. దాని పక్కన పెట్టి చూస్తే కొత్తగా వచ్చిన బయోలాజికల్ ఇంజెక్షన్ల ధర ఆకాశంలో ఉంటుంది.

క్యాన్సరుకు దీన్ని ఒక్కోసారి గ్రాముల్లో ఎక్కిస్తారు. కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఈ చిన్న మోతాదులో అది కణాలను చంపే మందుగా పనిచేయదు. ఒంట్లో అడినోసిన్ అనే పదార్థం పెరిగేలా చేసి, అదుపు తప్పిన రోగనిరోధక వ్యవస్థను శాంతింపజేస్తుందని న్యూయార్క్ శాస్త్రవేత్త బ్రూస్ క్రాన్‌స్టీన్ పరిశోధనలు చూపించాయి. అందుకే శత్రువైన ఫోలిక్ ఆమ్లాన్ని పక్కనే ఇచ్చినా కీళ్ల మీద గుణం పోదు. 1990ల్లో అలబామాకు చెందిన సారా మోర్గాన్ బృందం ఇదే తేల్చింది. ఫోలిక్ ఆమ్లం తోడైతే నోటిపూత, వికారం వంటి బాధలు తగ్గాయి, వాపు మీద మందు పట్టు మాత్రం సడలలేదు. ఒకే చీటీలో రెండు మాత్రలు కలవడానికి కారణం ఇది.

అసలు చిక్కు మందులో లేదు, మన అలవాటులో ఉంది. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి, షుగరు మాత్ర రోజూ వేసుకోవాలి, థైరాయిడ్ మాత్ర రోజూ పరగడుపున వేసుకోవాలి. మాత్ర అంటే రోజూ అనే లెక్క మన ఒంట్లో ఇంకిపోయింది. వారానికి ఒకటి అనేది ఆ లెక్కకు ఎదురు. 2000 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఒక రోగి వారానికి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ రోజూ పడి చనిపోయారు. దాని మీద విచారణ జరిగింది. తప్పును పట్టుకోవడానికి పలుచోట్ల అవకాశం ఉన్నా అది అందరి చేతుల్లోంచీ జారిపోయిందని తేలింది. 2004లో బ్రిటన్ రోగి భద్రతా సంస్థ పదేళ్ల లెక్క తీసింది. నోటి ద్వారా తీసుకునే మెథోట్రెక్సేట్ పొరపాట్ల వల్ల 25 మంది చనిపోయారు. మరో 26 మందికి తీవ్ర హాని జరిగింది. 2.5 మిల్లీగ్రాముల మాత్ర, 10 మిల్లీగ్రాముల మాత్ర చూడ్డానికి ఒకేలా ఉండడం కూడా ఆ పాపంలో భాగమే.

ఆ తర్వాత వచ్చిన నియమాల్లో కొన్ని చదివితే, మనిషి పొరపాటు ఎన్ని సందుల్లోంచి దూరగలదో తెలుస్తుంది. బ్రిటన్‌లో రోగులకు గుర్తుండాలని ‘మెథోట్రెక్సేట్ మండే, ఫోలిక్ ఫ్రైడే’ అనే మాట పుట్టించారు. అమెరికా భద్రతా నిపుణులేమో మండే వద్దే వద్దన్నారు. చేతిరాతలో ఇంగ్లీషు ‘మండే’ను ‘మార్నింగ్’ అని చదివితే వారం కాస్తా రోజు అయిపోతుందని వాళ్ల భయం. అమెరికా ఆసుపత్రుల కంప్యూటర్లలో ఈ మందు పేరు కొడితే ‘వారానికి’ అనేదే మొదట రావాలనీ, ‘రోజూ’ అని రాస్తే క్యాన్సరు చికిత్సేనా అని అడిగి ఆపాలనీ అక్కడి నిపుణులు పట్టుబట్టారు. 2019లో యూరప్ ఔషధ సంస్థ సీసాలు తీసేసి అట్టల్లోనే మాత్రలు ఇవ్వాలనీ, డబ్బా మీద హెచ్చరిక ఉండాలనీ, రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలనీ చెప్పింది.

మన దగ్గర చిక్కు మరో రూపంలో ఉంది. మన చీటీల మీద మందు పేరు పక్కన 1-0-1 అనో, 1-0-0 అనో మూడంకెలు వేస్తారు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే మంచి పద్ధతే. కానీ ఆ మూడు గళ్లలో వారానికి చోటు లేదు. డాక్టరు పక్కన ‘వారానికోసారి’ అని రాసినా, మందుల షాపు కుర్రాడి కళ్లు ముందు వాలేది అంకెల మీదే. అట్ట మీద పెన్నుతో ఒక్క గీత గీసి ఇస్తాడు. ఆ గీతకు ఇంట్లో అర్థం ‘రోజూ పొద్దున ఒకటి’. పైగా మన మార్కెట్‌లో కొన్ని మెథోట్రెక్సేట్ బ్రాండ్ల పేర్లూ, కొన్ని ఫోలిక్ ఆమ్లం బ్రాండ్ల పేర్లూ ఒకే శబ్దంతో మొదలవుతాయి. రెండూ ఒకే చీటీలో ఉంటాయి. ఫోలిక్ ఆమ్లం రోజూ వేసుకున్నా ఫరవాలేదు, మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. ఇంతటి తేడాను ఒక అక్షరం మీద వదిలేయడం దుర్మార్గం కాకపోయినా పెద్ద నిర్లక్ష్యమే.

ఇక పడని మందుల సంగతి. వీటిలో అన్నిటికన్నా భయపడాల్సింది ఖరీదైన కొత్త మందు కాదు. మూత్రంలో మంటకూ, విరేచనాలకూ దశాబ్దాలుగా మన ఊళ్లలో చేతికందిన కో-ట్రైమాక్సజోల్. అందులో ఒక సగమైన ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలిక్ ఆమ్లం దారికి అడ్డం పడేదే. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఒకే ఎంజైమును రెండు మందులూ పట్టుకుంటాయి. ట్రైమెథోప్రిమ్‌ను జార్జ్ హిచింగ్స్ బృందం సూక్ష్మజీవి ఎంజైము మీద గురిపెట్టి తయారు చేసింది. మనిషి ఎంజైమును అది పెద్దగా తాకదు కాబట్టి మామూలు మనిషికి ఫరవాలేదు. మెథోట్రెక్సేట్ అప్పటికే తిష్ఠ వేసిన ఒంట్లో మాత్రం ఆ కొంచెం కూడా భారమే. మూత్రపిండాల నుంచి మెథోట్రెక్సేట్ బయటికి పోయే దారినీ ఈ జంట ఇరుకు చేస్తుంది. ఎముక మజ్జ రక్తకణాలు తయారు చేయడం మానేస్తుంది. జ్వరం, నోటిపూత, చర్మం కింద నెత్తురు మరకలతో మనిషి ఆసుపత్రి పాలవుతాడు. ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో పదేపదే అచ్చయ్యాయి. ఇంకా అచ్చవుతున్నాయి.

నొప్పి మాత్రల పాఠం 1986లో వచ్చింది. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్‌తో పాటు కీటోప్రొఫెన్ తీసుకున్న క్యాన్సరు రోగుల్లో ప్రాణాంతకమైన విషప్రభావాన్ని ఫ్రెంచి వైద్యులు లాన్సెట్ పత్రికలో వివరించారు. ఈ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. మెథోట్రెక్సేట్ బయటికి పోవాల్సింది ఆ దారినే. కీళ్లవాతానికి ఇచ్చే చిన్న మోతాదుతో డాక్టర్లు నొప్పి మాత్రలు కలిపి ఇస్తారు, రక్తపరీక్షలు చూసుకుంటూ. అది వేరు, షాపులో డైక్లోఫెనాక్ అట్ట కొని వారం రోజులు మింగడం వేరు. మూత్రపిండాల పని మందగించే పరిస్థితి ఏదైనా ప్రమాదమే. రోహిణి కార్తె ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు ఇంకిపోతే, ఆ వారం మాత్ర వేసుకోవాలో వద్దో డాక్టరును అడిగి తీరాలి.

పడని మందుల చరిత్రలో అచ్చంగా కావాలని పుట్టించిన జంట కూడా ఒకటుంది. అది మెథోట్రెక్సేట్ కథ కాదు, దాని దాయాది కథ. హిచింగ్స్ ప్రయోగశాలలోనే గెర్ట్రూడ్ ఎలియన్ మెర్కాప్టోప్యూరిన్ అనే క్యాన్సరు మందును, తర్వాత ఒంట్లో దానిగానే మారే అజథయోప్రిన్‌ను తయారు చేశారు. 1962లో జోసెఫ్ మర్రే మూత్రపిండ మార్పిడికి అజథయోప్రిన్ తోడైంది; ఇవాళ లూపస్ వంటి జబ్బులకూ వాడతారు. మెర్కాప్టోప్యూరిన్ ఒంట్లో త్వరగా చెడిపోతోందని, దాన్ని చెడగొట్టే ఎంజైమును అడ్డుకోవడానికి అల్లోప్యూరినాల్ ఇచ్చి చూశారు. మందు బలం పెరిగింది, విషం కూడా అంతే పెరిగింది. క్యాన్సరుకు లాభం లేదని తేలింది. కానీ అల్లోప్యూరినాల్ యూరిక్ ఆమ్లాన్ని కూడా తగ్గిస్తోందని గమనించి, 1966లో గౌట్ మందుగా తెచ్చారు. అంటే ఏ గుణం కోసం ఆ మందు చేతికి తీసుకున్నారో, అదే గుణం ఇప్పుడు హెచ్చరికగా మిగిలింది. అజథయోప్రిన్ వాడే మనిషికి గౌట్ వచ్చి, తెలియని చోట అల్లోప్యూరినాల్ రాస్తే మజ్జ దెబ్బతింటుంది. తప్పనిసరై కలపాల్సి వస్తే అజథయోప్రిన్‌ను నాలుగో వంతుకు తగ్గిస్తారు. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం అనుమతి వచ్చిందీ ఆ ఏడాదే.

గర్భం విషయంలో చరిత్ర మరీ కటువుగా ఉంది. 1952లో థియర్ష్ అనే వైద్యుడు అమైనోప్టెరిన్‌ను గర్భస్రావానికి వాడి ఫలితాలు ప్రకటించారు. కొన్ని గర్భాలు పోలేదు. ఆ పిండాల్లో తల, ముఖం ఎముకల లోపాలు కనిపించాయి. ఫాలోపియన్ ట్యూబులో నిలిచిన గర్భానికి నేడు ఆపరేషన్ లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇస్తున్నారంటే, అదే శక్తిని మేలుకు మళ్లించుకున్నారని అర్థం. కీళ్లవాతం ఆడవాళ్లకే ఎక్కువగా, పిల్లల్ని కనే వయసులో కూడా వస్తుంది కాబట్టి ఇది పక్కన పెట్టదగ్గ సంగతి కాదు. బిడ్డ కావాలనుకుంటే ముందే మందు మానాలి. కొన్ని దేశాల సూచనల్లో ఆ గడువు 3 నెలలు, కొన్నిటిలో 6 నెలలు. కొత్త కోడలు మొహమాటపడి చెప్పదు, డాక్టరు రద్దీలో అడగరు. అడగవలసింది డాక్టరే.

మద్యం మీద మాట కాలంతోపాటు కొంత మారింది. 1970, 80ల్లో సోరియాసిస్ రోగులకు మందు మొత్తం గ్రామున్నర దాటితే కాలేయం ముక్క తీసి పరీక్షించేవారు. కాలేయం చెడిన వాళ్లలో తాగుడు, ఊబకాయం, షుగరు ఉన్నవాళ్లు ఎక్కువని తర్వాత తేలింది. 2017లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం, మితంగా తాగే కీళ్లవాతం రోగుల్లో కాలేయ ప్రమాదం పెద్దగా పెరగలేదని చెప్పింది. అయితే అక్కడి మితం కొలత ప్రకారం ఉంటుంది. ఇక్కడ కొవ్వు పట్టిన కాలేయాలు, షుగరు ఇంటింటా ఉన్నాయి. మన డాక్టర్లు ‘అసలే వద్దు’ అనడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

మరో రెండు మాటలు వైద్యుల దగ్గర వినిపిస్తాయి కానీ రోగుల చెవికి చేరవు. మొదటిది, మెథోట్రెక్సేట్ ఎక్కువ పడినప్పుడు ఇంట్లో ఉన్న ఫోలిక్ ఆమ్లం మాత్రలు గుప్పెడు మింగితే సరిపోదు. మూసుకుపోయిన ఎంజైము దగ్గరే అదీ ఆగిపోతుంది. విరుగుడు ఫోలినిక్ ఆమ్లం. అది ఆ ఎంజైముతో పని లేకుండానే కణానికి అందుతుంది. దాన్ని ఆసుపత్రిలో, వీలైనంత త్వరగా ఇవ్వాలి. రెండోది పొడి దగ్గు. కఫం లేని దగ్గు, ఆయాసం, జ్వరం కలిసి వస్తే జలుబు అనుకోవడం సహజం. ఈ మందు అరుదుగా ఊపిరితిత్తులను వాచేలా చేస్తుంది కాబట్టి, మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇన్ని భయాలు చదివి ఎవరైనా మాత్ర మానేస్తే ఈ వ్యాసం చెడు చేసినట్టే. అదుపులో లేని కీళ్లవాతం వేళ్లను వంకరలు తిప్పి, గుండెకూ ఊపిరితిత్తులకూ పాకుతుంది. సరిగ్గా వాడి లక్షలమంది ఈ మాత్రతో పనులు చేసుకుంటూ ఏళ్ల తరబడి బతికారు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ మందు రాస్తే, వారంలో ఏ రోజో డాక్టరు చేతే పూర్తి పేరుతో, తెలుగులో రాయించుకోండి. ‘గురువారం మాత్రమే’ అన్నట్టుగా డబ్బా మీద కూడా రాయండి. మందుల షాపులో అట్ట చేతికి రాగానే మెథోట్రెక్సేట్ ఏదో, ఫోలిక్ ఆమ్లం ఏదో అక్కడే అడిగి తెలుసుకోండి. రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు డాక్టరు చెప్పిన గడువుకు చేయించండి. ఆరెంపీ దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా, టీకా వేయించుకోబోతున్నా, ఏ కొత్త మాత్ర రాయకముందే ‘నేను మెథోట్రెక్సేట్ వాడుతున్నాను’ అనే మాట మొదట చెప్పండి.